అమ్మమ్మ బూడిద, చెల్లెలి స్టవ్వు

పోయిన వారం రాసిన కొరివికారం గురించి మీరు రాసిన ఉత్తరాలు చదివి చాలా సంతోషించాను. ఈ వారం కూడా ఓ పచ్చడి గురించే రాద్దామని కూర్చున్నాను గానీ, ఒక సోదరి ఉత్తరం చూశాక ఆ పచ్చడి వచ్చే వారానికి వాయిదా వేశాను.

ఆవిడ రాసిందేమిటంటే, వాళ్ల దొడ్డిలో రెండు మామిడి చెట్లు, ఒక పనస, గేటు దగ్గర బాదం చెట్టు ఉన్నాయట. రోజూ ఆకులు ఊడ్చలేక నడుం పడిపోతోందట. ఆకుల్ని పొడి చేసి చిన్న చిన్న గుళికల్లా నొక్కే మిషను ఎక్కడో చూశారట. ‘అమెరికాలో వాటితో ఇల్లంతా వెచ్చగా చేసుకుంటారు కదా, మనం కొనుక్కుని కనీసం స్నానానికి నీళ్లు కాచుకోకూడదా? మీరు అక్కడ కొన్నాళ్లు ఉండి వచ్చారు కాబట్టి చెప్పండి’ అని అడిగారు.

ఈ ప్రశ్న నన్ను అడగడం ఒకందుకు మంచిదే అయింది. ఎందుకంటారా? ఆ ఆకు గుళికలతోనే ఓ అర్ధరాత్రి మా చెల్లెలి ఇంటిల్లిపాదినీ, ఇరవై రెండు రోజుల పసిగుడ్డుతో సహా, మంచులో నిలబెట్టిన ఘనత నాది! మా వారికి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి దాచుకుంటే ఎవరికి లాభం? అందుకే మీకు చెబుతున్నాను.

2022 అక్టోబరులో మా చెల్లెలి రెండో పురుడుకి అమెరికా వెళ్లాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంత దూరం ప్రయాణం చేయలేదు. అందుకని నేను బయల్దేరాను. వాళ్లుండేది మసాచుసెట్స్ రాష్ట్రంలో వూస్టర్ అనే పట్నానికి దగ్గర్లో. నేను దిగేసరికి అక్కడి చెట్లన్నీ పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టున్నాయి. మేపుల్ చెట్లు ఎర్రగా, ఓక్ చెట్లు ఇటుక రంగులో ఎంత బాగున్నాయో! పది రోజులు తిరిగేసరికి ఆ అందమంతా నేల మీద పడింది. మోకాలి లోతు ఆకులు!

అక్కడ ఆకులు తగలెయ్యడానికి వీల్లేదు. కొమ్మలూ రెమ్మలూ కాల్చుకోవడానికి కొన్ని నెలలు అనుమతి ఇస్తారు గానీ, ఆ రాష్ట్రంలో ఆకుల్ని ఆరుబయట కాల్చడం నిషేధం. మామూలు చెత్తలో పారేయడానికీ లేదు. పెద్ద పెద్ద కాగితపు సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడితే బండి వచ్చి తీసుకెళ్లి ఎరువు చేస్తుంది. మా మరిది శనివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఇరవై సంచులు నింపేవాడు. అవన్నీ చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఎందుకంటే నేను అమ్మమ్మ చేతి కింద పెరిగినదాన్ని.

మా అమ్మమ్మ గోదావరి జిల్లా మనిషి. తెల్లవారుఝామునే లేచి ఈనెల చీపురుతో దొడ్డంతా ఊడ్చి, ఆకూ అలమూ నీళ్ల పొయ్యి పక్కన పోగు పెట్టేది. ఇంట్లో పది మందికీ స్నానాల నీళ్లు ఆ ఆకుల మంట మీదే కాగేవి. ఆకు మంట సంగతి మీకు తెలిసిందే, భగ్గున లేచి చప్పున చల్లారిపోతుంది. ఎవరో ఒకరు పీట వేసుకుని కూర్చుని గుప్పెడు గుప్పెడు తోస్తూనే ఉండాలి. ఆ పని నాది. నీళ్లు కాగాక మిగిలే బూడిదని అమ్మమ్మ బంగారంలా చూసుకునేది. కొంత అంట్లకి, కొంత బీరపాదుకి. సొరపాదుకి పేను పడితే తెల్లారగట్ల మంచు తడి మీద ఇంత బూడిద చల్లేది. అంట్లు తోముకోవడానికి ఎదురింటివాళ్లు కూడా చేట పట్టుకొచ్చి అడిగేవారు. ఈ బూడిద మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సరే, ఇక చెల్లెలి ఇంటి సంగతి. అక్కడ చాలా ఇళ్లు నూనెతో వేడి చేస్తారు. నేల కింది గదిలో ఒక పెద్ద కొలిమి ఉంటుంది. ఆ ఏడాది ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఆ నూనె గాలన్ 5 డాలర్లు దాటింది. గాలన్ అంటే మూడు ముప్పావు లీటర్లు. అందుకని వీళ్లు ముందు గదిలో ఉన్న పెల్లెట్ స్టవ్వునే ఎక్కువగా వాడేవాళ్లు. పెల్లెట్లంటే రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన గుళికలు. మన పెన్సిలంత లావు, అంగుళం పొడవు ఉంటాయి. జిగురేమీ కలపరు. నొక్కేటప్పుడు పుట్టే వేడికి కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి అదే పట్టి ఉంచుతుంది. 40 పౌన్ల బస్తాల్లో అమ్ముతారు, అంటే మన 18 కిలోలు. మంచి చలిలో రోజుకో బస్తా కావాలి.

ఆ స్టవ్వు చూడ్డానికి మన టీవీ స్టాండంత ఉంటుంది. పైన డబ్బాలో గుళికలు పోస్తే లోపల మర లాంటిది తిరుగుతూ కొన్ని కొన్ని చొప్పున ఒక చిన్న ఇనప గిన్నెలో జారవిడుస్తుంది. ఆ గిన్నెకి అడుగునా పక్కలా చిల్లులుంటాయి. కరెంటు ఫ్యాను ఆ చిల్లుల్లోంచి గాలి పంపిస్తుంది, గుళికలు మండుతాయి. పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది, వేడిగాలి మాత్రం గదిలోకి వస్తుంది. ముందు అద్దంలోంచి మంట కనబడుతూ ఉంటుంది. బస్తాడు గుళికలు కాలిస్తే మిగిలేది గుప్పెడు బూడిద. కూర్చుని తోసే పని లేదు. అమ్మమ్మ చూస్తే ముక్కున వేలేసుకునేది!

పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. వడ్రంగం చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర కుందేళ్ల మేత నొక్కుకునే చిన్న మిషను ఉంది. ఆ ఏడాది ఆయన దాంతో ఆకుల్ని గుళికలు చేస్తున్నారు. నాకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. మా ఆకులన్నీ ఆయన షెడ్డుకి చేరవేశాను. ఆయన ఆకుల్ని ముందు ఆరబెట్టి, పొడి చేసి, కాస్త తడి చిలకరించి మిషనులో వేసేవారు. ఎక్కువ తడైతే ముద్దయిపోతుంది, బొత్తిగా పొడైతే రాలిపోతుంది. మన జంతికల పిండి లాగే అనుకోండి. నల్లగా, నున్నగా గుళికలు దిగేవి. నేను పులిహోర చేసి తీసికెళితే, ఆయన రెండు బస్తాలు గుళికలిచ్చారు.

ఇస్తూ ఏదో చెప్పారు. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుకి సగమే అర్థమైంది. ‘కొంచెం’, ‘బూడిద’ అన్న మాటలు పట్టుకున్నాను. మరిది విని, “వదినా, ఆయన షెడ్డులో స్టవ్వు వేరట. బూడిదని తనంతట తనే కదిపి కిందికి తోసేస్తుందట. మన దాంట్లో వెయ్యొద్దంటున్నారు. సరదా పడితే చెక్క గుళికల్లో గుప్పెడు కలిపి చూడమంటున్నారు” అన్నాడు. నేను సరేనన్నాను.

గుప్పెడు కలిపాను. బాగానే మండింది. మర్నాడు రెండు గుప్పెళ్లు. ఆ తర్వాత సగానికి సగం. అద్దం నల్లబడడం మొదలైంది. మంట పసుపు రంగు పోయి ఎర్రగా, బద్ధకంగా ఊగుతోంది. మరిది చూసి, “శనివారం శుభ్రం చేస్తాను, అప్పటిదాకా అవి వెయ్యకండి వదినా” అన్నాడు. ఆ రాత్రి పదకొండింటికి పాపకి పాలపీక మరిగించడానికి లేచాను. డబ్బా ఖాళీ అయిందని స్టవ్వు కూస్తోంది. చెక్క గుళికల బస్తాలు కింది గదిలో ఉన్నాయి, ఆకు గుళికలు చేతికందే చోట ఉన్నాయి. మెట్లు దిగడానికి బద్ధకం. ఊరికే వచ్చినవి ఉండగా కొన్నవి ఎందుకన్న పొదుపు బుద్ధి ఒకటి. మిగిలిన అర బస్తా పోసేసి వెళ్లి పడుకున్నాను.

రాత్రి రెండున్నరకి గోడ మీద అలారం మోగింది. నాలుగు కూతలు, కాస్త ఆగి మళ్లీ నాలుగు కూతలు. నాకేమీ అర్థం కాలేదు. గదిలో పల్చగా పొగ. మరిది కేకలేస్తున్నాడు, “పాపని ఎత్తుకోండి, బయటికి నడవండి! కోట్లూ వద్దు, ఏమీ వద్దు!” బాలింత చెల్లెలు వణికిపోతోంది. చేతికందిన రగ్గుల్లో పాపని చుట్టి, పెద్దవాణ్ణి మరిది భుజాన వేసుకుని, అందరం వీధిలోకి పరిగెత్తాం. మైనస్ 12 డిగ్రీల చలి. నా కాళ్లకి చెప్పులు కూడా లేవు. కారెక్కి కూర్చున్నాక పాప ఏడవకుండా కళ్లు మూసుకుని ఉంటే... ఆ రెండు నిమిషాలు నేనెలా బతికానో నాకే తెలియదు. అరికాలి మీద చిటికేస్తే కేరుమంది. ఆ ఏడుపంత తీయటి సంగీతం నా జన్మలో వినలేదు.

ఫైరింజను అయిదారు నిమిషాల్లో వచ్చింది. వాళ్లు మిషను పెట్టి గాలి పరీక్షించి, కిటికీలన్నీ తీసి, స్టవ్వు ఆర్పారు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉందన్నారు. అందర్నీ ఆస్పత్రికి తీసుకెళ్లి చూశారు. భగవంతుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున్న మరిది ఆ ఇనప గిన్నె తీసి నా ముందు పెట్టాడు. దాని అడుగున గాజు కరిగి గడ్డకట్టినట్టు నల్లటి పెచ్చు. గిన్నె చిల్లులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. ఒక్క మాట అనలేదు ఆ పిల్లాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

పక్కింటాయన వచ్చి నెమ్మదిగా విడమరిచి చెప్పారు. చెట్టు తన మానులో బూడిదయ్యే పదార్థం చాలా తక్కువ దాచుకుంటుందట. మంచి రకం చెక్క గుళికల్లో నూటికి ఒక పాలు కన్నా తక్కువ. అదే రాలిన ఆకులైతే నూటికి అయిదు మొదలు పది, పదిహేను పాళ్ల దాకా ఉంటుంది. చెట్టు భూమిలోంచి లాగిన పొటాషియం, కాల్షియం, సిలికా ఆకుల్లో చేరతాయి. పైగా నేల మీది దుమ్మూ ఇసకా ఉండనే ఉంటాయి. 18 కిలోల చెక్క గుళికలకి గుప్పెడు బూడిదైతే, అన్నే ఆకు గుళికలకి పదో వంతు లెక్క వేసుకున్నా కిలోకి పైగానే! ఆ పొటాషియం వల్ల బూడిద తొందరగా కరిగి ముద్దకడుతుంది. చిల్లులు మూసుకుపోతాయి, గాలి ఆడదు. పైనుంచి గుళికలు మాత్రం పడుతూనే ఉంటాయి. మండాల్సినవి మండక రాజుకుంటూ పొగలు కక్కుతాయి. అప్పటికే బూడిద పేరుకున్న గొట్టం ఆ పొగనంతా బయటికి లాగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు అమ్మమ్మ. ఆకుల్లో ఏ బూడిద అమ్మమ్మకి లాభమైందో, అదే బూడిద చెల్లెలి స్టవ్వుకి గండమైంది. ఆకు అదే, మంట అదే. కానీ అమ్మమ్మ పొయ్యి దొడ్లో, ఆకాశం కింద ఉండేది. పక్కన మనిషి కూర్చుని ఉండేది. ఎప్పటి బూడిద అప్పుడు లాగేసేది. నేను ఆకుని మాత్రం అమ్మమ్మ దగ్గర్నుంచి తెచ్చుకుని, ఆ మిగతా జాగ్రత్తలన్నీ దొడ్లోనే వదిలేశాను.

ఆ గోడ మీది అలారం సంగతి కూడా చెప్పాలి. 2005 జనవరిలో ఆ రాష్ట్రంలోనే నికోల్ అనే ఏడేళ్ల పాప ఇంటి పొగగొట్టాల్ని మంచు కప్పేసింది. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోనే నిలిచిపోయి ఆ పాప చనిపోయింది. దాంతో ఆ పాప పేరుతోనే చట్టం చేశారు. ఇంధనం మండించే ప్రతి ఇంట్లో, ప్రతి అంతస్తులో ఆ అలారం ఉండాలని 2006 నుంచి అమలు చేశారు. ఎక్కడో ఎవరో కన్నతల్లి గర్భశోకం మా పాపని బతికించింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తున్నాయి.

స్టవ్వు బాగుచేయించి మళ్లీ చెక్క గుళికలతోనే వాడారు. 2023 ఫిబ్రవరి 3, 4 తేదీల్లో భయంకరమైన చలి వచ్చింది. పక్క రాష్ట్రంలోని మౌంట్ వాషింగ్టన్ కొండ మీద గాలితో కలిసిన చలి మైనస్ 108 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 78 డిగ్రీలకి పడిపోయింది. ఆ రాత్రి మమ్మల్నందర్నీ వెచ్చగా కాచింది ఆ స్టవ్వే. కాబట్టి తప్పు స్టవ్వుదీ కాదు, ఆకుదీ కాదు. జత కుదర్చడం తెలియని నాది.

ఇక ఉత్తరం రాసిన సోదరికి నా జవాబు. ఆకుల్ని ఇంధనం చేయడం అబద్ధమేమీ కాదమ్మా. మన ఉత్తరాఖండ్‌లో పైన్ చెట్ల నుంచి సూదుల్లాంటి ఆకులు కుప్పలుగా రాలతాయి. వాటిని ‘పిరుల్’ అంటారు. వేసవిలో అడవులు అంటుకోవడానికి అవే పెద్ద కారణం. అందుకని వాటిని ఏరించి ఇటుకల్లా నొక్కించి ఇంధనంగా వాడుతున్నారు. కానీ అది ఊళ్లకు ఊళ్లు కలిసి చేసే పని. నాలుగు చెట్ల ఆకుల కోసం మిషను కొంటే కరెంటు ఖర్చూ, ఒళ్లు నొప్పులూ తప్ప మిగిలేది ఉండదు. పైగా ఆ గుళికలు గ్యాసు పొయ్యి మీదికి పనికిరావు, వాటికి వేరే పొయ్యి కావాలి. దొడ్లో నీళ్ల పొయ్యి ఉంటే ఎండుటాకులు నలిపి పేడలో కలిపి పిడకలు చేసుకోండి, చాలు. ఉత్త ఆకు కన్నా నిదానంగా మండుతాయి. అదీ ఆరుబయటే సుమండీ!

వీధిలో పోగేసి అగ్గిపుల్ల గీయడం మాత్రం మానేద్దాం. నేనూ ఇదివరకు రోజూ సాయంత్రం చేసిన పనే. ఆ పొగకి పక్కవాళ్ల పిల్లలు దగ్గుతుంటే తలుపులేసుకోమని సలహా కూడా ఇచ్చేదాన్ని! ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నానో చెబుతాను, వీలైతే మీరూ చేయండి.

దొడ్లో ఓ మూల రెండడుగుల లోతు గొయ్యి తీయించాను. చోటు లేనివాళ్లు చిల్లులు పెట్టిన పాత డ్రమ్ము వాడొచ్చు. జానెడు ఆకులు, దాని మీద కూరగాయల తొక్కులు, ఇంత మట్టి. ఇలా పొరలు పొరలుగా వేసి పేడనీళ్లో పుల్లమజ్జిగో చిలకరిస్తాను. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. పదిహేను రోజులకోసారి కలియబెడితే నాలుగైదు నెలల్లో నల్లటి ఎరువవుతుంది. ముదురు మామిడాకు, పనసాకు త్వరగా చివకవు, నలిపి వేయండి. అదీ ఓపిక లేకపోతే మొక్కల మొదళ్ల చుట్టూ ఆకులు పరిచేయండి. ఎండాకాలం నీళ్లు సగం కలిసొస్తాయి. అమ్మమ్మ బూడిదలోంచి తీసుకున్న బలమే మనం ఇలా తీసుకుంటున్నామన్నమాట.

ఇవి కాగితం మీద రాసి వంటింట్లో అతికించుకోండి:

* మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బాలింత గదిలో, చంటిపిల్లలున్న చోట అసలే వద్దు. పొగ కనబడకపోయినా నిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

* గ్యాసు గీజరు స్నానాలగది బయట, గాలాడే చోట బిగించుకోండి. లోపలే ఉంటే ముందు నీళ్లు పట్టుకుని, ఆర్పి, తర్వాత తలుపేసుకోండి. వెంటిలేటరుకి అట్టముక్క అడ్డం పెట్టవద్దు.

* పొయ్యి దగ్గర ఉన్నట్టుండి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం ఉంటే, పైగా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా ఉంటే, పైత్యమనుకోవద్దు. ముందు అందరూ బయటికి రండి. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లండి.

* ఏ పొయ్యికి ఏ ఇంధనమో అదే వెయ్యండి. ఊరికే వచ్చింది కదా అని వేరేది వేయబోయే ముందు నన్ను ఒక్కసారి తలుచుకోండి.

మా పాపకి ఇప్పుడు మాటలొచ్చాయి. ఫోనులో “పెద్దమ్మా, ఏం చేస్తున్నావ్?” అని అడిగింది మొన్న. “ఆకులు ఊడుస్తున్నానమ్మా” అన్నాను. వెనకనుంచి మా చెల్లెలు “ఊడ్చు గానీ అక్కా, గుళికలు మాత్రం చెయ్యకు!” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకోగలుగుతున్నాం, అదే నా అదృష్టం.

వచ్చే వారం తప్పకుండా పచ్చడితోనే వస్తాను. ఉంటాను మరి!